ఫ్రెంచి ముఖం, చైనా మూలలు: మీ మహాగని సొరుగుల పెట్టె అతుకుల బొంతేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం. చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటున్నాం. ఈమధ్య ఒక వేలంలో పాత మహాగని చెస్ట్ ఆఫ్ డ్రాయర్స్ కొన్నాం. కేటలాగులో ‘మూడో జార్జ్ కాలం, సుమారు 1770, చిప్పెండేల్ శైలి’ అని రాశారు. నాలుగు పొడవాటి సొరుగులు. ముందు భాగం అలలా వంపు తిరిగి ఉంటుంది. మూలల్లో జాలీ లాంటి చెక్కడం, ఎస్ ఆకారంలో వంగిన పొట్టి కాళ్లు, ఇత్తడి హ్యాండిళ్లు. పై సొరుగు మీద ఒక సన్నని పలక బయటికి వస్తుంది, అదెందుకో మాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చిన స్నేహితుడు చూసి ‘ముందు ఫ్రెంచి, మూలలు చైనా, హ్యాండిళ్లు ఇంగ్లిష్. ఇన్ని రకాలు ఒక్కదాంట్లో ఉన్నాయంటే నాలుగు పాత సామాన్లు విప్పి ఒకటి చేసి అమ్మారు’ అన్నాడు. పైగా సొరుగుల లోపలి వైపు పూడ్చిన రంధ్రాలు కనిపిస్తున్నాయి. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. మోసపోయామా? కొత్తగా పాలిష్ చేయిస్తే మంచిదా? రిటైరయ్యాక విశాఖకు తీసుకెళ్లాలని ఉంది, కుదురుతుందా?

సమాధానం: మీ స్నేహితుడి చూపు మంచిదే. ఆయన చెప్పిన పోకడలన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. తీర్పు చెప్పడంలోనే తొందరపడ్డారు. 1770 ప్రాంతంలో చేసిన ఇంగ్లిష్ సామానులో ఫ్రెంచి వంపు, చైనా జాలీ, రోమన్ అంచులు కలిసి ఉంటే అనుమానపడక్కర్లేదు. ఆ రోజుల్లో డబ్బున్నవాళ్లు కోరి చేయించుకున్నది అలాంటివే. శైలులు ఎన్నైనా కలవొచ్చు. భాగాల వయసులు ఒకదానితో ఒకటి కలవకపోతేనే పేచీ. కాబట్టి ముందు శైలుల సంగతి చెప్పి, తర్వాత వయసు ఎలా చూసుకోవాలో చెబుతాను.

కేటలాగులోని చిప్పెండేల్ పేరుతో మొదలుపెడదాం. థామస్ చిప్పెండేల్ మీ ఊరి పక్కవాడే. లీడ్స్ దగ్గరి ఆట్లీలో పుట్టాడు, 1718లో అక్కడే బాప్తిస్మం ఇచ్చారు. తర్వాత లండన్ వెళ్లి సెయింట్ మార్టిన్స్ లేన్‌లో దుకాణం పెట్టాడు. ఆయన చేసిన సామాన్ల కంటే 1754లో వేసిన పుస్తకమే ఆయన పేరును ఎక్కువ దూరం మోసింది. ‘ది జెంటిల్‌మన్ అండ్ క్యాబినెట్ మేకర్స్ డైరెక్టర్’ అని దాని పేరు, నిండా డిజైన్ల బొమ్మలే. 1762లో వచ్చిన మూడో కూర్పుకి బొమ్మల పేజీలు 200 అయ్యాయి. మొదటి కూర్పు ముఖపత్రం మీదే ఆయన తన డిజైన్లు గోథిక్, చైనీస్, మోడర్న్ అభిరుచుల్లో ఉంటాయని చెప్పుకున్నాడు. అప్పట్లో మోడర్న్ అంటే ఫ్రెంచి రొకోకో, అంటే వంపులూ ఆకుల చెక్కడాలూ నిండిన శైలి. పుస్తకం తెరిస్తే మొదట వచ్చేవి గ్రీకు, రోమన్ స్తంభాల కొలతలు. అంటే మీ స్నేహితుడు తప్పు పట్టిన కలగలుపునే చిప్పెండేల్ తన సరుకు గొప్పతనంగా ప్రచారం చేసుకున్నాడు.

ఆ పుస్తకం లండన్ దాటి ఊళ్లలోని వడ్రంగుల చేతుల్లోకీ వెళ్లింది. ఒక బొమ్మలోంచి కాళ్లు, ఇంకో బొమ్మలోంచి మూలలు తీసుకుని, గిరాకీ ఎంత పెట్టగలిగితే అంత చెక్కడం చేసి ఇచ్చేవారు. అందుకే ‘చిప్పెండేల్ శైలి’ అన్న మాటకి ఆయన పుస్తకం నాటి ఫ్యాషన్ అనే అర్థం తప్ప ఆయన చేసిందని కాదు. పారిస్‌లో 18వ శతాబ్దం మధ్య నుంచి పనివాళ్లు సామాను మీద తమ ముద్ర కొట్టాలనే నియమం ఉండేది, లండన్‌లో అలాంటిది లేదు. చిప్పెండేల్ తన సామాన్ల మీద పేరు వేసేవాడు కాదు. ఇది ఆయన పనేనని తేల్చేది పాత బిల్లులు, ఉత్తరాలే. మీకు దగ్గర్లోని హేర్‌వుడ్ హౌస్, వేక్‌ఫీల్డ్ దగ్గరి నాస్టెల్ అనే రెండు పాత భవంతుల్లో ఉన్న సామాన్లు ఆయనవని అంత గట్టిగా చెప్పగలుగుతున్నది వాటి కాగితాలు మిగిలాయి కాబట్టే. మీ పెట్టెకు అలాంటి కాగితం లేదు కదా, ‘శైలి’ అనే మాటతో సరిపెట్టుకోండి. కేటలాగు కూడా అంతకు మించి ఏమీ అనలేదు.

రేపు ఇంకెవరో వచ్చి ఇది హెపుల్‌వైట్ అంటారు. కంగారు పడకండి. జార్జ్ హెపుల్‌వైట్ 1786లో చనిపోతే, ఆయన డిజైన్ల పుస్తకాన్ని 1788లో ఆయన భార్య ఆలిస్ అచ్చు వేయించింది. అందులోనూ వంపు తిరిగిన సొరుగుల పెట్టెలు ఉన్నాయి. అయితే అప్పటికి అభిరుచి మారింది. పాంపేయి, హెర్క్యులేనియం అనే పాత రోమన్ పట్టణాల తవ్వకాలు, ఇటలీ వెళ్లొచ్చిన వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ కట్టడాలు జనం కంటికి సన్నని, తేలికైన గీతలను అలవాటు చేశాయి. బరువైన చెక్కడాలు తగ్గి, కాళ్లు కూడా సన్నబడి బయటికి చీలినట్టు వంగాయి. మీ పెట్టె కాళ్లు పొట్టిగా, లావుగా ఎస్ ఆకారంలో ఉన్నాయంటున్నారు కాబట్టి, కేటలాగు రాసిన 1770 నమ్మదగ్గ తేదీగానే ఉంది.

ఇప్పుడు పెట్టెనే భాగాలుగా చూద్దాం. మన ఇళ్లలో ధాన్యానికో నగలకో భోషాణం ఉన్నట్టే ఇంగ్లండ్‌లోనూ మొదట మూత తెరిచే పెద్ద చెక్క పెట్టెలే ఉండేవి. అడుగున ఉన్న బట్ట కావాలంటే పైన ఉన్నవన్నీ తియ్యాలి. ఆ బాధ తప్పించుకోవడానికి ముందు అడుగున ఒక సొరుగు పెట్టారు. 17వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి పెట్టె మొత్తం సొరుగులైంది. 1660 తర్వాత రెండో చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగొచ్చాక డచ్చి, ఫ్రెంచి పద్ధతులకు గిరాకీ పెరిగింది. 1685లో ఫ్రాన్స్‌లో ప్రొటెస్టెంట్ల మత స్వేచ్ఛ రద్దయితే పారిపోయి వచ్చినవాళ్లలో మంచి పనివాళ్లు ఎంతోమంది. వినీర్ అనే పల్చటి మేలురకం చెక్క పొర అతికించడంలోనూ, పావురం తోక ఆకారంలో పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి ఇరికించే డవ్‌టెయిల్ అతుకుతో సొరుగులు బిగించడంలోనూ ఇంగ్లిష్ చేతులు వీళ్ల పక్కన పని చేసే బాగా తిరిగాయి. అంటే మీ పెట్టె పుట్టడానికి వందేళ్ల ముందే ఈ సామాను సగం విదేశీ.

అది నిలబడిన తీరు రోమన్‌ది. కింద పీఠం అంచు, పైన చూరు లాంటి అంచు, మధ్యలో మొండెం. సొరుగులు కిందికి వెళ్లే కొద్దీ లోతవుతాయి చూడండి. బరువు కిందికి దిగినట్టు కంటికి కుదురుగా అనిపించాలని అలా చేశారు. కాళ్లలోని ఎస్ వంపు కూడా పాత రోమన్ కట్టడాల అంచుల్లోంచి వచ్చిందే.

ముందు వైపు అల మాత్రం నిజంగానే ఫ్రెంచి. పారిస్‌లో ‘కొమోడ్’ అనే పొట్టి సొరుగుల బల్లలకు ఇలాంటి ఒళ్లు ఉండేది. అక్కడ వాటికి బంగారు పూత పూసిన కంచు తొడుగులు వేసి, సొరుగుకీ సొరుగుకీ మధ్య గీత కూడా కనపడకుండా బొమ్మ పరిచేవారు. ఇంగ్లిష్‌వాళ్లు వంపు తీసుకుని ఆ ఆర్భాటం వదిలేశారు. సొరుగులు సొరుగుల్లాగే కనిపిస్తాయి, అలంకారమంతా చెక్కలోని చారలదే. నాకైతే ఈ వదిలేయడంలోనే ఇంగ్లిష్ పనివాడి గొప్పతనం కనిపిస్తుంది. వంపు ఖరీదైన వ్యవహారం కూడా. మందపాటి చెక్కను కోసి వంపు తియ్యాలి, లేదా చిన్న ముక్కలు అతికి వంపు కట్టి పైన వినీర్ వెయ్యాలి. చెక్కా వృథా, కూలీ ఎక్కువ. మొదటిసారి దీన్ని కొనుక్కున్నవాళ్లు బాగా ఉన్నవాళ్లే అయ్యుంటారు.

మూలల్లో జాలీ చెక్కడం చైనా మోజు. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వచ్చిన పింగాణీ, లక్కపని సామాన్లు చూసి లండన్ మురిసిపోతున్న కాలం అది. స్వయంగా చైనా చూసొచ్చిన విలియం చేంబర్స్ 1757లో అక్కడి కట్టడాల మీద పుస్తకం వేశాడు. చాలామంది చెక్కిన జాలీకి మాత్రం అసలు చైనాతో చుట్టరికం తక్కువ, ఊహే ఎక్కువ.

అచ్చంగా ఇంగ్లిష్ అనదగ్గది మీకు అర్థం కాని ఆ పలకే. దాన్ని బయటికి లాగి, మీద కోటు పరిచి, బ్రష్‌తో దుమ్ము దులిపేవారు. హ్యాంగర్లు లేని రోజులు, బట్టలన్నీ మడత పెట్టి పరిచేవారు. సొరుగులు అంత వెడల్పుగా ఉండటానికి కారణం కూడా ఇదే.

ఇక చెక్క. ఇది మాత్రం కొంచెం నిలబడి చెప్పుకోవాల్సిన సంగతి. అంతకుముందు ఇంగ్లండ్‌లో మంచి సామాన్లకు వాల్‌నట్ వాడేవారు. 1709 చలికాలం యూరప్‌లో వాల్‌నట్ చెట్లను దెబ్బతీసింది, 1720లో ఫ్రాన్స్ దాని ఎగుమతి ఆపేసింది. 1721లో బ్రిటిష్ పార్లమెంటు తన అమెరికా, కరీబియన్ వలసల కలప మీద సుంకం తీసేసింది. అక్కడి నుంచి మహాగని దిగుమతి పెరుగుతూ పోయింది. మొదట జమైకా నుంచి, అక్కడ దగ్గరలోని పెద్ద చెట్లు అయిపోయాక క్యూబా, శాంటో డొమింగో, హోండురాస్ నుంచి. 1763 పారిస్ ఒప్పందం హోండురాస్ తీరంలో కలప కొట్టే బ్రిటిష్‌వాళ్లకు వీలు కల్పించింది. అతుకు లేకుండా పెద్ద పలకలు వస్తాయి, పురుగు అంత తేలిగ్గా పట్టదు, సన్నని చెక్కడానికి విరగకుండా నిలుస్తుంది. వడ్రంగికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ అడవిలో ఆ చెట్లు వెతికి, నరికి, నది దాకా ఈడ్చింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. హేర్‌వుడ్ హౌస్ కట్టించిన లాసెల్స్ కుటుంబం డబ్బు కూడా కరీబియన్ చక్కెర, బానిసల వ్యాపారాల్లోంచి వచ్చిందే. ఒకే సముద్రం మీదుగా కలపా వచ్చింది, దాన్ని కొనే డబ్బూ వచ్చింది. మీ పెట్టె మీద పడిన ప్రభావాల్లో ఇది అన్నిటికంటే పెద్దది. వేలం కేటలాగులు దీని గురించి సాధారణంగా ఒక్క ముక్క రాయవు.

ఇప్పుడు మీ అసలు భయం. నాలుగు సామాన్లు కలిపి ఒకటి చేయడం నిజంగానే ఉంది. వ్యాపారులు దాన్ని మ్యారేజ్ అంటారు. పెట్టె మీద పెట్టె ఉండే ఎత్తయిన సామానును రెండుగా విడగొట్టి పై భాగానికి కాళ్లు, కింది భాగానికి కొత్త పలక వేసి అమ్మడం కూడా మామూలే. చిన్న సామానుకు ధర ఎక్కువని వెడల్పు తగ్గించి కోసినవీ ఉంటాయి. అవి ముందు నిలబడి చూస్తే దొరకవు. సొరుగులన్నీ బయటికి తీసి, టార్చి పట్టుకుని లోపలా అడుగునా చూడాలి.

సొరుగు పక్కన డవ్‌టెయిల్ అతుకులు చూడండి. చేత్తో కోసినవి ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటాయి, గుర్తు కోసం గీసిన సన్నని గీత కూడా కనిపించొచ్చు. అచ్చు గుద్దినట్టు సమానంగా ఉంటే యంత్రం పని, అంటే 19వ శతాబ్దం రెండో సగమో ఆ తర్వాతో. నాలుగు సొరుగుల్లోనూ ఒకే చేతివాటం ఉండాలి. ఒక సొరుగు వెనక మూల దగ్గర అతుకు కొత్తగా ఉంటే వెడల్పు తగ్గించారేమో అనుకోవాలి. మంచి రకం సామానులో సొరుగు లోపలి పలకలు ఎక్కువగా ఓక్‌వి. సొరుగు అడుగు అంచు ఎంత అరిగిందో, అది జారే పట్టీ కూడా అదే చోట అరిగి ఉండాలి. ఒకటి అరిగి ఒకటి కొత్తగా ఉంటే ఒకటి తర్వాత వచ్చిందన్నమాట. వెనక పలక, పెట్టె అడుగు ఎవరూ పాలిష్ చెయ్యరు కాబట్టి పొడిగా, వెలిసిపోయి ఉండాలి. అక్కడ ఎవరైనా రంగు పూసి ఉంటే ఏదో దాచడానికి పూశారేమో అని చూడాలి. సొరుగు అడుగు పలకలో చెక్క చారలు ఎటు నడుస్తున్నాయో చూసి తేదీ చెప్పేవాళ్లుంటారు. ముందు నుంచి వెనక్కి ఉంటే పాతది, అడ్డంగా ఉంటే కొత్తది అని. 1770 ప్రాంతంలో రెండూ ఉన్నాయి, ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఎవరేం చెప్పినా వినకండి.

పూడ్చిన రంధ్రాలు ఒక కథ చెబుతాయి. మీ సొరుగు మీద ఇత్తడి హ్యాండిల్ ఒక్కోదానికి రెండు రంధ్రాలు. ఆ రెండింటి మధ్య ఇంకో పెద్ద రంధ్రం పూడ్చి ఉంటే, విక్టోరియా కాలంలో ఎవరో ఇత్తడి తీసేసి గుండ్రటి చెక్క గుబ్బలు బిగించారని. 20వ శతాబ్దంలో పాత ఫ్యాషన్ మళ్లీ వచ్చాక ఇంకెవరో ఇత్తడివి పెట్టించారు. ఇది ఎన్నో పాత పెట్టెల్లో జరిగినదే, మోసం కాదు. ఇక్కడ ఒక్క పరీక్ష తప్పనిసరిగా చెయ్యండి. లోపల ఉన్న ప్రతి పూడిక ముందు వైపు కూడా కనిపిస్తోందా? ఏటవాలుగా వెలుతురు వేసి చూడండి. లోపల ఉండి బయట లేకపోతే ముందు వినీర్ తర్వాత కొత్తగా వేసినట్టు. చేత్తో కోసిన పాత వినీర్ ఒక మిల్లీమీటరు కంటే మందంగా ఉంటుంది, యంత్రం కోసింది కాగితంలా పల్చగా. సొరుగు పై అంచు దగ్గర ఆ మందం చూడొచ్చు.

కాళ్లు మార్చి ఉండే అవకాశం ఎక్కువే. నేల తడికి ముందు పోయేవి అవే. కాలి వెనక అతికించిన చెక్క దిమ్మలు పెట్టె అడుగుతో సమానంగా ముదిరి ఉంటే పాత కాళ్లు. కాకపోయినా దిగులు పడకండి, ధర కొంత తగ్గుతుంది, పెట్టె అబద్ధం అయిపోదు. అచ్చంగా అబద్ధమయ్యేవి వేరే ఉన్నాయి. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో చిప్పెండేల్ మోజు తిరిగొచ్చి చాలా నకళ్లు తయారయ్యాయి. వాటిల్లో ప్లైవుడ్ అడుగు, యంత్రపు అతుకు, కోసుగా మొన తేలిన స్క్రూలు దొరుకుతాయి. మొన ఉన్న స్క్రూ సుమారు 1850కి ముందు లేదు. ఒకటీ అరా ఉంటే మరమ్మతు, అన్నీ అవే అయితే నకలు.

ఇవన్నీ చూశాక కూడా సందేహం తీరకపోతే, అమ్మినవాళ్లతో సంబంధం లేని ఇంకో చోట చూపించండి. పాత ఫర్నిచర్ బాగుచేసేవాళ్ల సంఘం బాఫ్రా సభ్యులు పెట్టెను విప్పకుండానే చాలా చెప్పగలరు. ధర గురించి మాత్రం ఆశలు పెట్టుకోకండి. 2000 తర్వాత ఇలాంటి ముదురు రంగు పాత సామాన్ల గిరాకీ బాగా పడిపోయింది. లాభం కోసం కొన్నవాళ్లకు అది చేదు వార్త, మీలాంటి వాడుకునేవాళ్లకు మంచిదే.

పాలిష్ గురించి గట్టిగా చెబుతున్నాను. వద్దు. సాండ్ పేపర్ పట్టుకున్నవాణ్ని ఇంట్లోకి రానివ్వకండి. రెండున్నర శతాబ్దాల వెలుతురు, మైనం, చేతుల తాకిడి కలిసి తెచ్చిన ఆ రంగు ఒక్క పూటలో పోతుంది, మళ్లీ రాదు. విలువలో ఎక్కువ భాగం దాంతోనే పోతుంది. అద్దంలా మెరిసే ఫ్రెంచ్ పాలిష్ ఇంగ్లండ్‌కి వచ్చిందే 19వ శతాబ్దం మొదటి భాగంలో. అది స్పిరిట్‌లో కరిగించిన లక్క, ఆ లక్క ప్రధానంగా వెళ్లింది మన దేశం నుంచే. 1770లో మాత్రం అవిసె నూనె, మైనం, వార్నిష్‌లతోనే పని. నూనెతో ఇటుక పొడి కలిపి రుద్దే పద్ధతిని 1803లో థామస్ షెరటన్ రాసిపెట్టాడు. మీరు చేయాల్సింది పొడిబట్టతో తుడవడం, ఏడాదికి ఒకటి రెండు సార్లు పల్చగా తేనెమైనం రాయడం. సిలికాన్ ఉన్న స్ప్రేలు వాడొద్దు. సొరుగు బిగుసుకుంటే జారే అంచుకి కొవ్వొత్తి రుద్దండి. వేసవిలో గుండ్రటి చిన్న రంధ్రాల దగ్గర తాజా పొడి రాలుతుంటే పురుగు బతికే ఉంది, అప్పుడు మనిషిని పిలవండి. రేడియేటర్ పక్కన మాత్రం పెట్టకండి, ఎండిపోయి పక్క పలకలు చీలతాయి.

విశాఖకు తీసుకెళ్లడం కుదురుతుంది కానీ ఆలోచించుకోండి. ఆ వినీర్‌ని పట్టుకుని ఉన్నది పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు. ఉక్కకీ తేమకీ అది మెత్తబడుతుంది. సముద్రం ఒడ్డు ఇంట్లో సొరుగులు ఉబ్బి కదలకపోవచ్చు. ఏసీ గదిలో పెడతానంటే సరే, అదీ ఒక పూట వేసి ఒక పూట ఆపకుండా. మీ ఊరికి ఇలాంటి సామాను కొత్తేం కాదు. 18వ శతాబ్దంలో విశాఖ కంసాలి పనివాళ్లు కంపెనీవాళ్లు తెచ్చిన ఇంగ్లిష్ నమూనాలు చూసి బీరువాలు, కుర్చీలు, పెట్టెలు చేసి, వాటి మీద దంతం పొదిగి, గీసిన గీతల్లో నల్ల లక్క నింపేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటివి ఉన్నాయి, వెళ్లినప్పుడు చూసి రండి. మీ పెట్టెలో కనిపించే ప్రయాణమే అక్కడ ఎదురు దిక్కులో కనిపిస్తుంది.

పంపే ముందు ఇంకో పని. తాళం రంధ్రాల చుట్టూ ఉన్న చిన్న తొడుగు ఇత్తడిదా, తెల్లగా ఉందా చూడండి. తెల్లనిదైతే ఎముకో దంతమో తేల్చుకోవాలి. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న దంతం చట్టం ప్రకారం, 1947కి ముందు చేసిన వస్తువులో దంతం పది శాతం లోపు ఉంటే రిజిస్టర్ చేయించి అమ్ముకోవచ్చు. సరిహద్దు దాటించడం వేరే విషయం, మన దేశంలో దంతం దిగుమతి మీద నిషేధం ఉంది. అలాంటి తొడుగు ఉంటే నిపుణుడి చేత తీయించి, దాని స్థానంలో ఇత్తడిది వేయించండి. తీసిన దాన్ని లీడ్స్‌లోనే ఉంచి, కంటైనర్‌లో పెట్టేముందు అన్ని వైపులా ఫొటోలు తీసుకోండి.